వాహన సంరక్షణ: వినైల్ పైకప్పు కింద దాగిన తుప్పు

పాత కార్ల ప్రదర్శనలలో కొన్ని వాహనాల పైకప్పు తోలు తొడిగినట్లు కనిపిస్తుంది. అది తోలు కాదు, వినైల్. 1962లో ఫోర్డ్ సంస్థ తన థండర్‌బర్డ్ లాండో నమూనాకు ఈ తొడుగును అమర్చింది. గుడ్డ టాపు గల కారు అందాన్ని ఉక్కు కప్పుకు సమకూర్చడమే దీని ఉద్దేశం. 1970వ దశకంలో అమెరికా, బ్రిటన్ దేశాలలో ఇది విశేషాదరణ పొందింది. నాటి కార్లను నేటికీ అపురూపంగా పోషించుకునే వారు ఈ తొడుగు విషయంలో ప్రత్యేక శ్రద్ధ వహించవలసి ఉంటుంది.

వినైల్ అనగా పి.వి.సి. ప్లాస్టిక్. స్వభావరీత్యా అది గట్టి పదార్థం. అందులో కలిపే ప్లాస్టిసైజర్ల వలననే దానికి మెత్తదనం వస్తుంది. అడుగున గుడ్డ పొర ఉండి, జిగురుతో ఉక్కుకు అతికి ఉంటుంది. ఎండవేడిమికి ప్లాస్టిసైజర్లు క్రమంగా తరిగిపోగా తొడుగు పెళుసెక్కి పగులుతుంది. ఆ పగుళ్ల నుండి, వదులైన కుట్ల నుండి దిగిన నీరు గుడ్డలో నిలిచి ఉక్కును తినివేస్తుంది. కర్మాగారంలో ఇన్సులేషన్ చుట్టిన గొట్టాలను తనిఖీ చేసే మిత్రులకు ఈ ప్రమాదం సుపరిచితమే. పై కవచం చక్కగా కనిపిస్తున్నా లోపలి లోహం క్షీణిస్తూనే ఉండవచ్చు.

కనుక శుభ్రపరచడమంటే తనిఖీ చేయడం కూడా. ముందుగా కుట్లను, అంచులను, వెనుక అద్దం కింది భాగాన్ని పరిశీలించండి. ఎక్కడైనా ఉబ్బు కనిపించినా, వేలితో నొక్కినప్పుడు కరకరలాడినా లోపల తుప్పు ఉన్నదని అనుమానించాలి.

కారును నీడలో నిలిపి, కప్పు చల్లబడిన పిమ్మట దుమ్మును నీటితో కడగండి. నీటిని పిచికారీ యంత్రంతో వేగంగా కొట్టరాదు, అంచులు లేచిపోగలవు. గాఢత తక్కువైన సబ్బు నీటితో, మెత్తని బ్రష్‌తో కొద్దికొద్ది భాగాలుగా రుద్ది, సబ్బు ఆరకముందే కడిగివేయండి. పెట్రోలు, థిన్నర్, అసిటోన్ వంటివి వాడితే ప్లాస్టిసైజర్లు కరిగిపోయి వినైల్ త్వరగా పాడవుతుంది. బ్లీచింగు ద్రావణం కుట్టు దారాన్ని బలహీనపరుస్తుంది. పెయింటుకు వాడే మైనపు పాలిష్ గీతలలో తెల్లగా పేరుకుంటుంది.

పూర్తిగా ఆరిన తరువాత, అతినీలలోహిత కిరణాలను నిరోధించే నీటి ఆధారిత వినైల్ సంరక్షక ద్రవాన్ని పలుచగా పూసి, మిగులును గుడ్డతో తుడిచివేయాలి. కారును ప్లాస్టిక్ పట్టాతో కప్పవద్దు. లోపల తేమ నిలుస్తుంది. గాలి ఆడే గుడ్డ ముసుగు శ్రేయస్కరం.

తుప్పు పట్టినదని తేలితే పాత తొడుగుపై ఎన్ని పూతలు పూసినా ప్రయోజనం లేదు. తొడుగును ఊడదీసి, తుప్పును గీకివేసి, ప్రైమర్ పూసి, అవసరమైతే రేకును మరమ్మతు చేయించిన పిమ్మటనే కొత్త వినైల్ అతికించాలి. ఏటా వర్షాకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి ఈ తనిఖీ జరిపితే అంత వ్యయప్రయాసలు తప్పుతాయి.