దర్శనం సరే, దిబ్బల సంగతేంది?

వేములవాడ రాజన్నకు కోడెను కట్టని ఇల్లు పాత కరీంనగర్ జిల్లాలో వెతికినా దొరకదు. శివరాత్రి వచ్చిందంటే లక్షల జనం. ధర్మగుండంలో స్నానం, కోడె మొక్కు, దర్శనం, తిరుగు బస్సు. ఆ గుడికి ఎంతో దూరం లేని గంగాధర మండలం కురిక్యాలలో, బొమ్మలమ్మ గుట్ట మీద బండకు చెక్కిన తెలుగు పద్యం ఉంది. దాని వయసు వెయ్యేళ్లు దాటింది. మొక్కు తీర్చుకున్న జనంలో ఆ గుట్ట ఎక్కినవాళ్లు ఎందరు? జనాన్ని తప్పుపట్టి లాభం లేదు. వాళ్లకు చెప్పినోడు ఎవడు?

పదో శతాబ్దంలో వేములవాడ చాళుక్యుల రాజధాని. రెండో అరికేసరి కొలువులో పంపకవి కన్నడంలో విక్రమార్జున విజయం రాసిండు. ఆయన తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల గుట్ట మీద చక్రేశ్వరిని, జైన తీర్థంకరులను చెక్కించిండు. వాళ్ల కిందనే సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించిండు. తెలుగు భాగంలో ఉన్నవి కంద పద్యాలు. అన్న బిరుదు మీద కవితాగుణార్ణవమని ఒక చెరువు తవ్వించిన సంగతి, మదనవిలాసమనే తోట పెంచిన సంగతి కూడా ఆ శాసనమే చెప్తుంది. కవి పేరు మీద చెరువు! ఇప్పుడు మనం కవి పేరు మీద గల్లీకి బోర్డు పెట్టాలన్నా పదేండ్లు దరఖాస్తులు పెట్టుకోవాలె.

తెలుగు పద్యం నన్నయతో మొదలైందని చదువుకున్న తరాలు మనవి. నన్నయ పెద్ద కవి, అందులో పేచీ లేదు. కానీ ఆయన పదకొండో శతాబ్దం వాడు. జినవల్లభుడి కందాలు అంతకు దాదాపు నూరేండ్లు ముందటివి. 945 ప్రాంతంలో, మానేరు పక్కన, ఒక జైనుడు కందం అల్లిండంటే, ఆ పద్యం చదివి తల ఊపే జనం ఇక్కడ అప్పటికే ఉండి ఉండాలె కదా. ఎవరూ చదవని చోట ఎవడూ బండ మీద పద్యం చెక్కించడు. ఈ ఒక్క మాట మన బడిపుస్తకాల్లోకి రావడానికి ఎంత కాలం పట్టిందో అందరికీ ఎరుకే.

2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. ఆ హోదా కోసం చూపిన ఆధారాల్లో ఈ శాసనం కూడా ఉంది. అదే కాలంలో గ్రానైట్ క్వారీలతో ఈ గుట్టకు ముప్పు ముంచుకొచ్చిందని ఈ జిల్లా చరిత్రకారులు, సాహితీకారులు మొత్తుకున్నరు. ఒక చేత్తో గుట్టను చూపించి హోదా తెచ్చుకునుడు, ఇంకో చేత్తో పక్క బండలకు లీజులిచ్చుడు. కరీంనగర్ గ్రానైట్ ఓడలెక్కి చైనా దాకా పోయింది. బండ పోతే డబ్బు వస్తుంది, నిజమే. బండ మీది అక్షరం పోతే ఏ ఖజానా తెచ్చిస్తుంది? శాసనం ఉన్న రాయిని ముట్టుకోలేదని చెప్పి తప్పించుకోవడం కుదరదు. పక్కన పేలుడు జరిగితే అదురు ఇవతలి బండకూ తాకుతుంది.

ఇక కోటిలింగాల. గోదావరి ఒడ్డున వెలగటూరు మండలంలోని ఊరు. అక్కడ దొరికిన నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ ఓపికగా సేకరించి పి.వి. పరబ్రహ్మశాస్త్రికి చూపించకపోతే, వాటిలో సగం కంచరివాళ్ల కొలిమిలో కరిగిపోయేవి. గోభద, నారన, కంవాయస, సమగోప అనే రాజుల పేర్లు లోకానికి తెలిసింది ఆ నాణేలతోనే. శాతవాహనుల మూలపురుషుడు సిముకుడి పేరున్న నాణేలూ అక్కడే దొరికినయి. కోటిలింగాల శాతవాహనుల తొలి రాజధానా కాదా అన్న వాదం పండితుల్లో ఇంకా ఉంది, ఉండనివ్వండి. శాతవాహనుల కన్నా ముందే ఇక్కడ రాజులున్నరు, టంకశాల నాణెం నడిచింది అన్నదాంట్లో మాత్రం వాదం లేదు. అట్లాంటి ఊరు ఎల్లంపల్లి ప్రాజెక్టు ముంపు జాబితాకెక్కింది. ప్రాజెక్టులు వద్దని మేం అనం. నీళ్ల కోసం కొట్లాడిన జనం మనం. కానీ నీళ్లు రాకముందే దిబ్బ అంతా తవ్వి, రాసి, ఫొటోలు తీసి భద్రం చేయాల్సిన పని ఉండె. 1979 తర్వాత నాలుగైదేండ్లు తవ్విండ్రు. తవ్వింది కొంతే, వదిలింది ఎక్కువ.

ధూళికట్టకు, పెద్దబంకూరుకు పోదాం అంటే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: అక్కడ చూడ్డానికి ఏముంది? చూడ్డానికి రామప్పలాంటి మదనికలు లేవు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, సంతోషం. ధూళికట్టలో ఉన్నది మట్టి దిబ్బ, ఇటుకల వరుస, బౌద్ధ స్తూపం ఆనవాలు. ఆ స్తూపానికి తొడిగిన సున్నపురాయి పలకల మీద పడగ విప్పిన ముచిలింద నాగరాజు ఉన్నడు. పెద్దబంకూరులో దొరికిన నాణేలు ఇరవై వేలు పైనే. ఇటుక బావులు, కమ్మరి కొలిమి, ఇనుప సామాన్లు బయటపడ్డయి. అంటే రెండు వేల ఏండ్ల కింద ఇక్కడి కమ్మరి నాగలి కర్రు కొట్టిండు, బేరగాడు నాణెం లెక్కపెట్టిండు, ఎవరో ఇల్లాలు ఆ బావిలో నీళ్లు చేదింది. దేవుడి గుడి చూసినప్పుడు దండం పెడతం. ఈ దిబ్బ మీద నిలబడ్డప్పుడు మన తాతల తాతల వాకిట్లో నిలబడ్డట్టు ఉంటది. రెండూ కావాలె.

ఉమ్మడి రాష్ట్రంలో శాతవాహనులంటే కృష్ణ ఒడ్డు తప్ప గోదావరి ఒడ్డు గుర్తుకు రాలేదని మనం తిట్టుకున్నం, ఆ కోపం న్యాయమే. 2014 జూన్ 2 తర్వాత ఆ సాకు చెల్లదు. తిట్టడానికి పక్కింటోడు లేడు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు కోటిలింగాల జగిత్యాలకు పోయింది, ధూళికట్ట, పెద్దబంకూరు పెద్దపల్లికి, వేములవాడ సిరిసిల్లకు, కురిక్యాల కరీంనగర్‌లోనే ఉండిపోయింది. ఒక్క చరిత్రకు నలుగురు కలెక్టర్లు. నలుగురిదీ అయిన పని ఎవరిదీ కాకుండా పోతదన్నదే మా భయం. సర్కారు చేయాల్సినవి పెద్ద ఖర్చు పనులు కూడా కావు: దిబ్బలకు హద్దురాళ్లు పాతాలె, గుట్ట చుట్టూ ఎంత దూరం దాకా క్వారీ ఉండరాదో కాగితం మీద రాసి గ్రామసభలో చదివి వినిపించాలె, తవ్వకాల నివేదికలను తెలుగులో అచ్చువేసి ప్రతి హైస్కూలుకు ఒక కాపీ పంపాలె.

జనం చేయగలిగేదీ ఉంది. ముందుగా కరీంనగర్ మ్యూజియం చూడండి, తర్వాత దిబ్బలు చూస్తే అర్థమైతయి. పెద్దపల్లి దిక్కు ఒక రోజు, జగిత్యాల తొవ్వలో గంగాధర, కురిక్యాల, ధర్మపురి, కోటిలింగాల ఇంకో రోజు. ఓపిక ఉంటే మానేరు పక్కన ఎలగందుల ఖిల్లా ఎక్కండి. 1905 దాకా జిల్లా కేంద్రం అదే. పైన దో మినార్ నుంచి కింద నీళ్లు కనిపిస్తయి. 2023 డిసెంబర్ నుంచి ఆడబిడ్డలకు ఆర్టీసీ బస్సు కిరాయి లేదాయె. బడిపిల్లల టూరు బస్సును ఏటా హైదరాబాద్ తోలే హెడ్మాస్టర్లు ఒక్క ఏడాది ఇటు మళ్లించి చూడాలె.

ఒక మనవి. కురిక్యాల గుట్ట ఎక్కినప్పుడు అక్షరాలు బాగా కనబడాలని వాటి మీద సుద్ద, పసుపు, నూనె రాయకండి. పొద్దుగాల్ల ఎండ ఏటవాలుగా పడే వేళకు పోతే అక్షరం దానంతట అదే తేలుతది.