బంజరు ముద్ర చెరపాలి

గొర్రెల కాపరి కంటికి ఊరి బీడంతా ఒక్కటి కాదు. తొలకరికే పచ్చబడే పల్లమేదో, నాలుగు వానలు పడితే గానీ మేత అందని గుట్టవాలేదో, ఎన్ని వానలు కురిసినా గడ్డి మొలవని చౌడేదో అతనికి తెలుసు. రెవెన్యూ రికార్డులో మాత్రం అదంతా పోరంబోకు, లేదంటే బంచరాయి. కేంద్రం 2019లో వెలువరించిన బంజరు భూముల అట్లాస్ ప్రకారం దేశంలో దాదాపు 5.6 కోట్ల హెక్టార్లు బంజరే. పొదల నేలలూ, మేసిమేసి క్షీణించిన పచ్చిక బయళ్లూ ఆ లెక్కలోవే. ఒకసారి ఆ ముద్ర పడ్డాక మొక్కలకు గుంతలు తవ్వినా, సౌర ఫలకాలు పరిచినా అడిగే నాథుడుండడు.

ఇది మారాలి. మేత భూములను నేల, ఎత్తుపల్లాలు, అక్కడ పెరగగల మొక్కలు చూసి వర్గీకరించాలి. నేడు ఏముందన్నది కాదు, ఏం పెరగగలదన్నది కొలమానం కావాలి. పక్కపక్కనే ఉన్న రెండు బీళ్లు ఎండాకాలంలో ఒకేలా బోడిగా కనిపిస్తాయి. ఒకటి లోతైన నల్లరేగడి. కొన్నాళ్లు మేపు ఆపితే గడ్డి తేరుకునే వీలుంది. రెండోది జానెడు మట్టి కింద రాయి ఉన్న ఎర్ర చెలక. దాని సహజ స్వభావమే పలచటి గడ్డి. దాన్ని పాడైన భూమి అనడం తప్పు, అక్కడ అడవి పెంచబోవడం ప్రజాధనం దండగ.

అమెరికాలో పశ్చిమ రాష్ట్రాల మేత భూములను దశాబ్దాలుగా ఇలాగే విభజిస్తున్నారు. ఏ తరహా నేలలో ఏ గడ్డి ఎంత రావాలి, ఎందుకు చెడుతుంది, చెడితే తిరిగి కోలుకుంటుందా అన్నది అక్కడ రాసిపెట్టుకుంటారు. మనకూ సరంజామా ఉంది. దేశంలోని గడ్డిభూములను అయిదు రకాలుగా గుర్తించిన అధ్యయనం 1973లోనే వెలువడింది. నాగపూర్‌లో నేలల సర్వే సంస్థ ఉంది, హైదరాబాద్‌లో దూరసంవేదన కేంద్రం ఉంది. లేనిది వీటిని ఒక్కచోట కలిపే సంకల్పమే.

2017లో తెలంగాణ ప్రభుత్వం కాపరులకు 75 శాతం రాయితీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. జీవాలను లెక్కపెట్టి ఇచ్చారు సరే, వాటి మేతను ఎవరు లెక్కగట్టారు?

సౌర విద్యుత్తు వద్దని ఎవరూ అనడం లేదు. గడ్డికి సత్తువ లేని నేలలేవో తేల్చి, అక్కడే పెట్టమంటున్నాం. రెండు తెలుగు రాష్ట్రాలూ కాపరులను వెంటబెట్టుకుని ఊరూరా మేత భూముల పటం గీయాలి, గ్రామసభలో ఆమోదించాలి. ఆ పటం చేతికొచ్చేదాకా ఒక్క ఎకరం మేత భూమినీ మరో పనికి మళ్లించకూడదు.