షట్టర్ బిగుసుకుంటే కాలితో తన్నకండి



ఇప్పుడు ట్రాక్టర్ షెడ్డుకి, ఎరువుల గదికి చాలామందిమి రోలింగ్ షట్టర్లు పెట్టించుకున్నాం. కొత్తలో బాగానే ఉంటుంది. పోను పోను సగంలో ఆగుతుంది, ఒక పక్కకి వాలుతుంది, కిందికి లాగితే మళ్లీ పైకి లేస్తుంది. అప్పుడు మనం చేసేదేంటి? ఒకరు కొక్కెం వేసి లాగుతారు, ఇంకొకరు కాలితో తంతారు, అప్పటికీ దిగకపోతే గడ్డపార తెస్తారు.

నేను చెప్పేది ఒక్కటే. బిగుసుకున్న షట్టర్ మీద బలం చూపించొద్దు, ముందు కారణం వెతకండి. బోరు మోటారు పట్టేస్తే స్టార్టర్ బటన్ అదే పనిగా నొక్కుతామా? వైండింగ్ కాలిపోద్దని నొక్కం. మరి షట్టర్ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏమవుతుంది?

ముందు రెండు పక్కల ఉన్న ఛానళ్లు చూడండి. వరి కోతలు అయ్యాక ఊక, దుమ్ము అందులోనే చేరతాయి. కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టినా పట్టీ అక్కడే ఆగిపోతుంది. పుల్లతో గీకి, కిరోసిన్ గుడ్డతో తుడవండి. సగం షట్టర్ల రోగం ఇక్కడే కుదురుతుందని నా నమ్మకం.

తుడిచాక గ్రీజు మాత్రం పుయ్యొద్దు. చాలామంది ట్రాక్టర్‌లోంచి తీసిన కాలిన ఆయిల్ పోస్తారు. ఆ రోజుకి జారుతుంది, నెల తిరిగేసరికి దుమ్ము అంటుకుని బంకమట్టి అవుతుంది. కొవ్వొత్తి ముక్క రుద్దినా చాలు.

శుభ్రం చేసినా బిగుస్తుంటే ఛానల్ వంగిందేమో చూడండి. ట్రాలీ వెనక్కి పెట్టేటప్పుడు తగిలే చోటు అదే. రెండు ఛానళ్ల మధ్య దూరానికి సరిగ్గా ఒక కర్ర కోసుకుని కింద, మధ్యలో, పైన పెట్టి చూడండి. ఒకచోట పట్టి ఇంకోచోట పట్టకపోతే వంకర దొరికినట్టే. నల్లరేగడి నేలలో ఇంకో చిక్కు ఉంది. వానకి నేల ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది, దాంతోపాటు గోడ, ఛానల్ కదులుతాయి. వానాకాలంలో మాత్రమే బిగిసే షట్టర్‌కి ఇదే కారణం కావచ్చు. పట్టీ పక్కకి జరిగి ఛానల్‌కి రాసుకుంటుంటే, చెక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా లోపలికి కొట్టండి.

ఇక స్ప్రింగ్. షట్టర్‌ని నడుము ఎత్తులో ఆపి చెయ్యి మెల్లగా వదలండి, కింద ఎవరూ లేకుండా చూసుకుని. దాదాపు అక్కడే నిలవాలి. దానంతట అదే పైకి పోతుంటే స్ప్రింగ్ ఎక్కువ బిగిసింది, దబ్బున పడుతుంటే వదులైంది, లేదా విరిగింది. ఇక్కడ మాత్రం మన చెయ్యి పెట్టకూడదు. పై పైపు లోపల చుట్టిన స్ప్రింగ్‌లో బలం దాగి ఉంటుంది. బోల్టు వదులు చేస్తే పైపు ఒక్కసారిగా తిరిగి చెయ్యి విరుగుతుంది. మిస్త్రీకి ఇచ్చే కూలికి వెనకాడి చెయ్యి పోగొట్టుకుంటే నాటు ఎవరు వేస్తారు?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు అక్కడి గ్యారేజ్ తలుపు చూసే ఉంటారు. మూసుకుంటూ మధ్యలో ఏదైనా అడ్డొస్తే వెనక్కి లేచిపోతుంది. 1993 నుంచి అక్కడ ఇళ్లకి తయారయ్యే తలుపు మోటార్లకి ఆ ఏర్పాటు ఉండాలని చట్టమే ఉంది. నేలకి 6 అంగుళాలు దాటకుండా రెండు పక్కలా కళ్లలాంటి సెన్సర్లు పెడతారు. వాటి మీద దుమ్ము పడ్డా, ఒకటి పక్కకి తిరిగినా తలుపు మూసుకోదు. అది రోగం కాదు, కాపలా. తుడిచి సరిగ్గా తిప్పాలే గానీ తీసి పారేయకూడదు.

మన చేతి షట్టర్‌కి అలాంటి కళ్లు లేవు. కింద చంటిపిల్ల ఉందో, కోడిపెట్ట ఉందో దానికి తెలీదు. ఇప్పుడు మనవాళ్లు కొందరు మోటారు షట్టర్ కూడా పెట్టిస్తున్నారు. పెట్టించేటప్పుడు ధర ఒక్కటే బేరం ఆడకుండా, అడ్డొస్తే ఆగి వెనక్కి పోతుందా అని అడగండి. నేల మీద ఒక చెక్క పెట్టి మీ కళ్ల ముందే మూయించండి. వెనక్కి లేస్తేనే డబ్బులివ్వండి.

"షెడ్డు షట్టర్‌కి ఇంత కథా?" అంటారు కొందరు. ఆ షట్టర్ వెనకే మన విత్తనం, ఎరువు, ట్రాక్టర్ ఉన్నాయి. మూసుకోకపోతే వాన లోపలికొస్తుంది, దొంగా వస్తాడు. తెరుచుకోకపోతే అదునులో దుక్కి ఆగుతుంది. కోతలు అవగానే ఒక గంట కేటాయించి ఛానళ్లు తుడవండి. ఆ షట్టర్ దింపే పని మాత్రం పిల్లలకి చెప్పకండి.