రక్షిత నౌకల రక్షణ మెంత?

రాజ్యముల బలమును ఓడల లెక్కనుబట్టి కొలుచు అలవాటు ప్రాతది. పట్టికలో ఎన్ని పేరులున్నవో చూచి సంతసించువారు, యుద్ధదినమున ఆ ఓడలు ఏమి చేయగలవని అడుగుట మఱచుచుందురు. అట్లు అడుగకపోవుటవలన కలుగు కీడునకు, విక్టోరియా మహారాణి పాలన చివరి యేండ్లలో బ్రిటిషు నౌకాశాఖవారు కట్టించిన పెలోరసు తరగతి క్రూయిజరుల చరిత్రము తగిన నిదర్శనము.

సర్ విలియం వైటు నౌకానిర్మాణాధిపతిగా నున్న కాలమున రూపొందిన ఈ ఓడలు 11. ఇవి 1896 మొదలు 1900 వఱకు ఒకదాని వెనుక నొకటిగా నీటి కెక్కినవి. బరువు 2,100 టన్నులకు కొంచెము పైబడినది. వేగము గంటకు 20 సముద్రపు మైళ్లు. ముఖ్యాయుధములు 4 అంగుళముల ఫిరంగులు 8. వీనిని "రక్షిత క్రూయిజరు" లనిరి. ఆ రక్షణ మెట్టిదో చదువరులు తెలిసికొనవలెను. ఓడ ప్రక్కలకు ఉక్కుకవచము లేదు. లోపల యంత్రములమీదను, మందుగుండు కొట్లమీదను మాత్రము 2 అంగుళములకు మించని ఉక్కు కప్పు వంపుగా పఱచియుండెను. ఇరుప్రక్కలనుండు బొగ్గు కొట్లు కొంత అడ్డు. కావున రక్షణము ముఖ్యముగా యంత్రమునకు. కప్పునకు పైని నిలిచి ఫిరంగి పేల్చు మనుష్యునకు అది లేదు.

ఇట్టి ఓడలను ఏల కట్టిరి? ఇవి చౌక. వర్తకనౌకలను కాచుటకును, దూరపు రేవులలో జెండా చూపుటకును, బలహీనులను బెదరించుటకును చాలును. 1896 వ సంవత్సరము ఆగస్టు 27 వ తేదిని జాంజిబారు రేవులో ఈ పద్ధతి ఫలమును లోకము చూచినది. పెలోరసు తరగతికి ముందటి తరమునకు చెందిన ఫిలోమెలు అను చిన్న రక్షిత క్రూయిజరు, మఱి నాలుగు ఓడలతో గూడి, సుల్తాను కోటపై గుండ్లు కురిపించెను. యుద్ధము గంటసేపైన సాగలేదు. జాంజిబారువారిలో చచ్చినవారును గాయపడినవారును సుమారు 500 మంది. బ్రిటిషువారిలో గాయపడినవాడు ఒక్కడు. ఎదుటివానికి తగిన ఫిరంగి లేనప్పుడు ఏ ఓడయైనను గొప్పదే.

కాని శత్రువు సమానుడైనప్పుడో? ఈ తరగతి ఓడలలో వేఱువేఱు రకముల బాయిలరులను పరీక్షార్థము అమర్చియుండిరి. కొన్నింటిలో అవి తీరని బాధ తెచ్చిపెట్టెను. 1904 లో నౌకాశాఖ పగ్గములు చేపట్టిన ఫిషరు, పోరుటకు బలమును, పాఱుటకు వేగమును లేని ఓడలను తొలగింపవలెనని పట్టుపట్టి యనేకములను ఏరివేసెను. అయినను ఈ తరగతివి కొన్ని 1914 నాటికిని దూరసముద్రములలో కావలి కాయుచునే యుండెను.

వానిలో పెగాససు ఒకటి. 1914 వ సంవత్సరము సెప్టెంబరు 20 వ తేది వేకువను అది యంత్రములు బాగుచేసికొనుటకై నిలిచియుండెను. ఎక్కడననగా, అదే జాంజిబారు రేవులో! జర్మను క్రూయిజరు కోనిగ్స్‌బర్గు తెల్లవారుజామున వచ్చి దూరమునుండియే గుండ్లు వేసెను. ఫిరంగుల కొలత ఇంచుమించు సమానమే. గుండు పోవు దూరము సమానము కాదు. పెగాససు గుండ్లు శత్రువును చేరక నీటబడినవి. కొలది నిమిషములలో దాని ఫిరంగులు మూగవోయెను. 30 మందికి పైగా నావికులు ప్రాణములు గోల్పోయిరి; ఓడ మునిగెను. ఆ నావికుల ధైర్యమునకు లోపము లేదు. పై యధికారులు ఇరువదేండ్ల క్రిందటి లెక్కను వారి చేతికిచ్చి కావలికి పంపిరి.

దీనికి రెండు దినముల తరువాత, సెప్టెంబరు 22 వ తేది రాత్రి, మఱియొక జర్మను క్రూయిజరు ఎమ్డెను చెన్నపట్టణమున చమురు కొట్లను తగులబెట్టెను. తీరపు ఫిరంగులు బదులు పలికినను దానికి దెబ్బ తగులలేదు. అప్పటి మన ఆంధ్ర జిల్లాలకును రాజధానియైన ఆ నగరమునుండి జనులు మూటాముల్లె సర్దుకొని వెడలిపోయిరి. ఆ కాలమున హిందూదేశపు ఖజానా బ్రిటిషు నౌకాదళమునకై ఏటేటా 1,00,000 పౌనులు చెల్లించుచుండెను. ఈ కప్పము 1938 వఱకు సాగెను. ధనము మనది. ఏ ఓడ యెక్కడ నుండవలెనను మాట మాత్రము మనది కాదు. అడుగు హక్కు లేనివానికి రక్షణ మనునది దైవాధీనమే!

ఈ ఓడలు పనికిమాలినవని మా వాదము కాదు. 1914 లో న్యూజిలాండు సైన్యమును సమోవాకు చేర్చుటలో సైకీ, పిరమసులు తోడునడచెను. రుఫీజీ నదీముఖమున దాగిన కోనిగ్స్‌బర్గును నిర్బంధించుటలో ఆస్ట్రేలియావారి పయొనీరు పాల్గొనెను. 1915 జూలైలో ఆ జర్మను ఓడ అక్కడనే నాశమయ్యెను. తగిన పనికి వినియోగించిన ప్రాత పనిముట్టు మేలే చేయును. తగని పనికి పంపి, పట్టికలో సంఖ్య నిండినదని తృప్తిపడుటయే దోషము.

పెగాససు ఫిరంగియు, కోనిగ్స్‌బర్గు ఫిరంగియు నేడు మొంబాసా కోటలో ప్రదర్శనకు నిలిచియున్నవి. మనకును నేడు స్వంత నౌకాదళము గలదు. దాని తూర్పు విభాగపు ప్రధానస్థానము విశాఖపట్టణముననే యున్నది. వ్యయమును మన పార్లమెంటే మంజూరు చేయుచున్నది. క్రొత్త ఓడ నీటికెక్కు దినమున కొబ్బరికాయ కొట్టి సంతసించుట తగినదే. కాని ఇరువదేండ్లు గడచిన పిదప, ఆ ఓడ యింకను దేనిని ఎదుర్కొనగలదు, అందలి మన బిడ్డలకు అది రక్షణమా, ఉచ్చా అని అడుగుటయు పౌరుని విధియే. జాంజిబారు నీటిలో మునిగినవారిని గూర్చి ఆ ప్రశ్న సకాలమున అడిగినవారి మాట చెల్లలేదు. మన విషయమున ఆ ప్రశ్నను ముందుగా అడుగుదము. బదులు వచ్చువఱకు అడుగుచునే యుందము.