అది బద్ధకమేనా?



మన ఇండ్లలో ఏ కోడలైనను పొద్దున్నే మంచము దిగలేక, కొద్దిపాటి పనికే నీరసించి, అందరికీ ఉక్కపోయునప్పుడు తనకు చలి అనుచుండిన, "దానికి ఒళ్ళు వంగదు" అని తేల్చివేయుదురు. తినేది కొంచెమే, ఒళ్ళు మాత్రము వచ్చుచుండును. అట్టి మాట అనుటకు ముందు, మెడలో సీతాకోకచిలుక ఆకారమున నున్న థైరాయిడ్ గ్రంథిని గూర్చి తెలిసికొనవలెనని మేము మనవి చేయుచున్నాము.

గుడివాడ రైసుమిల్లులలో ఊకతో మండు బాయిలరును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ఊక గుట్టగా పడియున్నను, వేయు మనిషి చేయి దించితే ఆవిరి తగ్గును. మన కణములలో మైటోకాండ్రియా అను చిన్న పొయ్యిలున్నవి. తిన్న అన్నము ప్రాణవాయువుతో కలిసి శక్తిగా మారునది ముఖ్యముగా అక్కడనే. థైరాయిడ్ విడుదల చేయు టి-4 హార్మోనులో నాలుగు అయోడిన్ పరమాణువులుండును. కాలేయము మొదలగు చోట్ల ఒకటి ఊడి టి-3 అగును. ఈ టి-3 కణకేంద్రకములో చేరి, మరిన్ని పొయ్యిలు కట్టుమనియు, మంట పెంచుమనియు జన్యువులకు ఆజ్ఞ ఇచ్చును. అది తగ్గితే తిండి ఉన్నను శక్తి ఉండదు, వేడి పుట్టదు. ఎక్కువైతే గుండెదడ, చెమట, ఒళ్ళు తగ్గిపోవుట. 1895లోనే జర్మనీలో మాగ్నస్ లెవీ అను వైద్యుడు రోగులు వాడుకొను ప్రాణవాయువును కొలిచి ఈ సంగతి కనుగొనెను. అమెరికాలో కెండాల్ ఈ హార్మోనును స్ఫటికములుగా విడదీసినది 1914లో, సరిగ్గా క్రిస్మసు దినమున!

సముద్రము ప్రక్కనే ఉన్నాము, బందరు ఉప్పుమడుల కల్లుప్పు తినుచున్నాము, అయోడిన్‌కు కొదువేమని దివిసీమలో ఎవరైనను అనుకొనవచ్చును. కాని అయోడిన్ కలపని సముద్రపు ఉప్పులో అది బహు స్వల్పము. కూరలోనికి అయోడిన్ కలిపిన ఉప్పే వాడవలెను. గర్భములోని శిశువు మెదడు మొదటి నెలలలో తల్లి హార్మోను మీదనే ఆధారపడును గదా.

అయితే జబ్బు వచ్చిన తరువాత ఉప్పు మందు కాదు. మన రోగనిరోధక శక్తియే పొరబడి గ్రంథిని దెబ్బతీయుట వలన వచ్చు రకమునకు మాత్రయే శరణ్యము. టి.ఎస్.హెచ్. రక్తపరీక్షతో సంగతి తెలియును. రక్తహీనత వలన కూడ ఇట్టి నీరసమే కలుగును గనుక దానినీ చూపించుకొనవలెను.

మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసికొని, అరగంట నుండి గంట వరకు కాఫీ ముట్టవద్దు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడముండవలెను. నీరసము పోయినదని మానవద్దు. గర్భము నిలిచినదని తెలిసిన వెంటనే డాక్టరుగారికి చెప్పవలెను. అప్పుడు మోతాదు పెంచవలసి వచ్చును.