మద్దెల నిజంగా ఓడైతే?

"ఆడలేక మద్దెల ఓడన్నాడు" అనే సామెత మీరంతా వినేవుంటారు. చేతకానివాడు తన లోపం ఒప్పుకోక మద్దెల మీద నెపం పెడతాడని దాని అర్థం. సామెత మంచిదే. కాని ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓడై వుంటుంది. ఆ సంగతి తెలుసుకోవటం ఎట్లా?

వీడియో ఆటలను గురించి మీరు రాసే ఉత్తరాలు చదువుతుంటే నాకీ ప్రశ్న తోచింది. "ఆ ఆట వట్టి చెత్త, డబ్బు దండగ" అని కొందరు రాశారు. ఎందుకు చెత్తో మాత్రం రాయలేదు. వంట బాగుండలేదని ఎవరైనా అనగలరు. ఉప్పు తక్కువైందా, పప్పు ఉడకలేదా, పోపు మాడిందా అని చెప్పగలవాడి మాటకే వంటింట్లో విలువ. ఆట సంగతీ అంతే.

ఈ నెల మూడు ఆటలను పరీక్షిద్దాం. మూడూ గొప్ప పేరుతో బజారుకు వచ్చి, కొన్నవారిని నిరాశపరచినవే. ఒక్కొక్కదానిలో లోపం ఒక్కొక్క చోట వుంది.

గోతిలో పడిన ఇ.టి.

1982 జూన్‌లో అమెరికాలో "ఇ.టి." అనే సినిమా విడుదలయింది. దాన్ని తీసినవాడు స్టీవెన్ స్పీల్‌బర్గ్. వేరే లోకం నుంచి వచ్చి భూమి మీద చిక్కుపడిపోయిన ఒక వింత ప్రాణికీ, ఇలియట్ అనే కుర్రవాడికీ స్నేహం కుదరటం అందులోని కథ. పిల్లలూ పెద్దలూ దాన్ని విరగబడి చూశారు.

ఆ రోజుల్లో అటారీ కంపెనీవారి ఆటల పెట్టె అక్కడి ఇళ్ళలో బాగా వ్యాప్తిలో వుండేది. దాన్ని టీవీకి తగిలించి, కార్ట్రిడ్జి అనే చిన్న డబ్బీని అందులో దోపితే తెర మీద ఆట వచ్చేది. ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క కార్ట్రిడ్జి. అటారీవారు ఇ.టి. పేరుతో ఆట చేసే హక్కును జూలై నెలాఖరుకు సంపాదించారు. అందుకు రెండు కోట్ల డాలర్లకు పైగా ఇచ్చారని చెబుతారు. డిసెంబరులో క్రిస్మస్ పండుగ. పండుగ నాటికి ఆట దుకాణాలలో వుండి తీరాలి. కార్ట్రిడ్జిలు తయారుచేసి వూరూరా పంపటానికే చాలా కాలం పడుతుంది. ఆ కాలమంతా తీసివేస్తే, ఆటను రచించటానికి మిగిలింది సుమారు ఐదు వారాలు!

ఆ పనికి హోవర్డ్ స్కాట్ వార్షా అనే యువకుడు ఒప్పుకున్నాడు. ఆయన అసమర్థుడు కాడు. అంతకు ముందు ఆయన చేసిన "యార్స్ రివెంజ్" అనే ఆటను ఈనాటికీ మెచ్చుకుంటారు. అయితే దానికి ఆయనకు ఎన్నో నెలల వ్యవధి దొరికింది.

ఇ.టి. ఆటలో మనం మూడు టెలిఫోను ముక్కలు వెతికి పోగుచేయాలి. వాటితో సొంత లోకానికి కబురు పంపి, వచ్చిన ఓడ ఎక్కాలి. ముక్కలు గోతులలో వుంటాయి. మొదట మనకు 9,999 పాళ్ళ శక్తి వుంటుంది. నడిచినకొద్దీ అది తరిగిపోతుంది. గోతిలో దిగిన ఇ.టి. మెడ సాచి పైకి తేలి రావాలి.

ఇంతవరకు బాగానే వుంది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, బయటికి వచ్చాననుకున్న మరుక్షణమే ఇ.టి. మళ్ళీ అదే గోతిలో పడతాడు. గట్టు మీద జాగ్రత్తగా నడుస్తున్నా పడతాడు. ఎందుచేత?

మీరు తొక్కుడుబిళ్ళ ఆడేటప్పుడు గీత మీద కాలు పడితే ఓడినట్టు. అందరూ కాలినే చూస్తారు. తల గీతకు ఏ పక్కన వుందని ఎవరూ అడగరు. ఈ యంత్రానికి ఆ తేడా తెలియదు. తెర మీది బొమ్మలు చిన్న చిన్న చుక్కల కూర్పు. ఇ.టి. బొమ్మలోని ఏ చుక్క అయినా గోతి బొమ్మకు తగిలితే చాలు, "పడ్డాడు" అని యంత్రం తీర్పు చెబుతుంది. గోతిని పైనుంచి చూసినట్టూ, ఇ.టి.ని పక్కనుంచి చూసినట్టూ గీశారు. అందువల్ల గోతికి ఇవతల, కాళ్ళు గట్టి నేల మీద వున్నప్పుడు కూడా తల గోతి బొమ్మను తాకుతుంది. మన కంటికి మనం నేల మీద వున్నాం. యంత్రం లెక్కకు గోతిలో వున్నాం.

వైకుంఠపాళిలో పాము మింగితే ఏడుపు వస్తుంది గాని, పటం మీద కోపం రాదు. పాము నోరు ఏ గడిలో వుందో అందరికీ కనబడుతూనే వుంటుంది. పాము లేని గడిలో కూర్చున్నవాణ్ణి మింగితే మాత్రం ఎవరూరుకుంటారు? కాబట్టి ఇక్కడ మద్దెల ఓడే.

కాని ఆడేవారి తప్పు కూడా కొంత వుంది. చోటు మారినకొద్దీ తెర పైభాగాన గుర్తులు మారుతుంటాయి. ఎక్కడ ఏ శక్తి పనిచేస్తుందో అవి చెబుతాయి. ఈ వివరమంతా ఆటతో ఇచ్చిన చిన్న పుస్తకంలో వుంది. అది చదవకుండా ఆడి "ఏమీ అర్థం కాలేదు" అన్నవారు ఆడలేక మద్దెలను అన్నవారే! ఒకే ఆటలో రెండు రకాల తప్పులూ వుండవచ్చు. వాటిని వేరుచేసి చూపటమే విమర్శకుడి పని.

ఆ పండుగకు ఇ.టి. ఆటలు లక్షల కొద్దీ అమ్ముడుపోయాయి. తయారుచేసినవి అంతకంటె ఎన్నో ఎక్కువ. 1983 సెప్టెంబరులో అటారీవారు మిగిలిపోయిన సరుకును లారీలలో న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో అనే వూరికి చేర్చి, చెత్తదిబ్బలో పాతిపెట్టారు. చాలాకాలం దీన్ని కట్టుకథ అనుకున్నవారున్నారు. 2014 ఏప్రిల్‌లో తవ్వి చూస్తే కార్ట్రిడ్జిలు నిజంగానే బయటపడ్డాయి! సుమారు 1,300 పైకి తీశారు. వాటిలో ఇ.టి. కొన్ని మాత్రమే, తక్కినవి వేరే ఆటలు. అట్లా దొరికినవాటిలో ఒక ఇ.టి. ఇప్పుడు అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంవారి దగ్గర వుంది.

1983 తరువాత రెండేళ్ళపాటు అమెరికాలో ఇంటి ఆటల వ్యాపారం కుప్పకూలింది. ఆ పాపమంతా ఇ.టి.దే అని చాలామంది అంటారు. అది న్యాయం కాదు. చాలా కంపెనీలు తొందరపడి నాసిరకం ఆటలు చేసి దుకాణాలు నింపాయి. కొన్నవారికి నమ్మకం పోయింది. ఐదు వారాలలో ఆట కావాలన్నది యజమానులు. అమ్ముడుపోతాయో లేదో చూడకుండా లక్షల కొద్దీ తయారుచేయించిందీ వారే. 2013లో అభిమానులు ఆ గోతి లోపాన్ని దిద్ది చూపించారు. అందుకు మార్చవలసి వచ్చింది ఆటలోని అతి కొద్ది భాగమే.

మినుకుమినుకుమనే దయ్యాలు

రెండో ఆట "పాక్‌మాన్". ఒక పసుపుపచ్చని గుండ్రటి మూతి దారుల వెంట చుక్కలు తింటూ పోతుంది; నాలుగు దయ్యాలు దాన్ని తరుముతాయి. జపానులో నామ్‌కో కంపెనీలో పనిచేసే తోరు ఇవతాని అనే ఆయన దీన్ని కల్పించాడు. 1980లో ఇది నాణెం వేసి ఆడే పెద్ద యంత్రంగా వచ్చింది. 1982 మార్చిలో అటారీవారు తమ ఇంటి పెట్టెకు దీన్ని తెచ్చారు. లక్షలాది ఇళ్ళలో కొన్నారు. తీరా చూస్తే దయ్యాలు సరిగా కనబడలేదు. మినుకుమినుకుమంటూ వచ్చి పోతున్నాయి.

దీనికి కారణం సులభంగా తెలుసుకోవచ్చు. ఆ పెట్టెకు ఒకేసారి రెండు ముఖ్యమైన బొమ్మలనే కదిలించే ఏర్పాటు వుంది. ఒకటి పాక్‌మాన్‌కు పోయింది. మిగిలిన ఒక్కదాన్ని నాలుగు దయ్యాలూ వంతులవారీగా పంచుకున్నాయి. అమెరికా టీవీ తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. నాలుగింట ఒక వంతు చొప్పున ఒక్కొక్క దయ్యం సెకనుకు 15 సార్లే కనబడుతుంది. మన కన్ను దాన్ని నిలకడగా చూడలేదు.

ఆ పెట్టె ఎంత చిన్నదో చూడండి. ఎవరు ఎక్కడున్నారో, ఎన్ని పాయింట్లు వచ్చాయో జ్ఞాపకం వుంచుకోవటానికి దానికున్న చోటు 128 బైట్లు. ఈనాటి కంప్యూటరులో తెలుగు అక్షరానికి మూడు బైట్లు కావాలి. గుణింతపు గుర్తుకు మరి మూడు. "అనగనగా ఒక వూళ్ళో ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకు ఏడుగురు" అని కథ మొదలుపెడితే, "ఏడుగురు" అనే మాట పూర్తికాకముందే చోటు నిండిపోతుంది! కొడుకుల దాకా పోనేపోము.

అయితే తప్పంతా పెట్టెదేనా? 1983లో అదే పెట్టెకు "మిస్ పాక్‌మాన్" అనే ఆట వచ్చింది. అది ఎంతో నయంగా వుందని అందరూ మెచ్చుకున్నారు. పెట్టె మారలేదు. కార్ట్రిడ్జిలో చోటు నాలుగు కిలోబైట్లనుంచి ఎనిమిదికి పెరిగింది. పనిలో నేర్పూ పెరిగింది. కాబట్టి "యంత్రం చిన్నది" అనే సాకు కొంతవరకే చెల్లుతుంది. ఒక ఆటను తూచటానికి అదే యంత్రం మీద నడిచే మరో మంచి ఆటే సరైన తూకపురాయి.

అంతులేని ఆకాశం

మూడోది మన కాలపుది. ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్‌లో హలో గేమ్స్ అనే చిన్న సంస్థ వుంది. వారి "నో మాన్స్ స్కై" అనే ఆట 2016 ఆగస్టులో విడుదలయింది. ఓడ ఎక్కి గ్రహం నుంచి గ్రహానికి తిరగటమే ఆట. గ్రహాలు ఎన్ననుకున్నారు? 18 పక్కన 18 సున్నాలు పెట్టండి, ఇంచుమించు అన్ని. సెకనుకు ఒకటి చొప్పున చూసినా అన్నీ చూడటానికి 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది!

అన్ని గ్రహాలను మనుషులు గీయలేరు. లెక్కల సూత్రం ఒకటి రాసిపెడితే, మనం దిగే వేళకు యంత్రమే గ్రహాన్ని అల్లుతుంది. ఇది మెచ్చుకోదగిన తెలివే. కాని కొన్ని గ్రహాలు తిరిగేసరికి, ముగ్గు మారినా చుక్కలు అవేనని ఆడేవారికి తెలిసిపోయింది. పైగా, ఆటలో ఒకరికొకరు ఎదురుపడవచ్చునని విడుదలకు ముందు ఆశపెట్టారు. మొదటి రోజునే ఇద్దరు ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరుకున్నారు, ఒకరికొకరు కనబడలేదు. ఇక్కడ ఓడైనది మద్దెలకంటె ముందు వేసిన దండోరా.

తరువాత జరిగింది కూడా చెప్పాలి. ఆ సంస్థవారు ఆటను వదిలిపెట్టలేదు. కొన్నవారి దగ్గర మళ్ళీ డబ్బు తీసుకోకుండా ఏళ్ళ తరబడి ఆటను బాగుచేస్తూ వచ్చారు. 2018 జూలైనుంచి ఆడేవారు నిజంగానే కలిసి తిరగగలుగుతున్నారు. 2016లో రాసిన తీర్పు ఈనాటి ఆటకు వర్తించదు. కాబట్టి ఆటమీద అభిప్రాయం రాసేటప్పుడు తేదీ వేయటం మరవకండి. అయినా, మొదటి రోజున పూర్తి వెల ఇచ్చినవారు కొన్నది సగం వండిన అన్నమేనన్న సంగతి చెరిగిపోదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆట విడుదల కాకముందే డబ్బు కట్టమని పిల్లలు తొందరపెడితే, ఒక నెల ఆగమనండి. ఆ నెలలో లోపాలు బయటపడతాయి. స్టీమ్ వంటి దుకాణంలో కొన్న రెండు వారాలలోగా, రెండు గంటలకంటె తక్కువ ఆడివుంటే, సాధారణంగా డబ్బు వాపసు అడగవచ్చు. పిల్లవాడు "బాగుండలేదు" అంటే వెంటనే కోప్పడక, ఎక్కడ బాగుండలేదో చూపించమనండి. చూపించగలిగితే వాడు డబ్బుకు తగిన చదువు చదివినట్టే.

పిల్లలూ! ఇక మీ వంతు. మీకు నచ్చని ఆట ఒకటి తీసుకుని, ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి.

1. ఈ ఆట ఏమి ఇస్తానన్నది?

2. ఏ చోట మాట తప్పింది? మరొకడు ఆడినా అదే చోట అదే తప్పు కనబడుతుందా?

3. కారణం ఏమిటి? యంత్రమా, వ్యవధి చాలకపోవటమా, గొప్పలు చెప్పటమా, మీరు పద్ధతి నేర్చుకోకపోవటమా?

4. ఆ ఆటలో మెచ్చుకోదగినది ఒక్కటైనా ఏమిటి?

జవాబు ఇరవై పంక్తులకు మించకూడదు. తేదీ వేయాలి. "చెత్త" అనే మాట ఎక్కడా రాకూడదు. బాగున్నవి వచ్చే నెల ఇక్కడే చదువుకుందాం.