ఏకగ్రీవము: ఎవరి మెడ?

ఏకగ్రీవ మను మాట మన గ్రామములలో మంగళవాద్యమువలె మ్రోగుచున్నది. సంస్కృతమున గ్రీవ యనగా మెడ. ఊరివారి మెడలన్నియు నొక్కటైన వని భావము కాబోలు! మనసులు కలిసినపుడు మెడలు వంగును. మెడపై కత్తి యున్నపుడును వంగును. ఈ రెంటికి భేద మెఱుగని ప్రజాస్వామ్య మేమి ప్రజాస్వామ్యము?

2021 మార్చిలో జరిగిన పురపాలక సంఘముల యెన్నికలలో మన పల్నాటి మాచర్లలోని 31 వార్డులును, పిడుగురాళ్ళలోని 33 వార్డులును పోటీ లేకయే యొక్క పక్షమునకు దక్కినవి. అంత జనమున్న పట్టణములలో భిన్నాభిప్రాయము గలవా డొక్కడును లేడని నమ్మవలెనా? నామినేషనుల దినములలో, 2020 మార్చి 11వ తేదీన, మాచర్లలో ప్రతిపక్ష నాయకుల కారుపై జరిగిన దాడిని రాష్ట్రమంతయు చూచినది.

ఇంతలో ప్రభుత్వము బహుమానములు కూడ ప్రకటించెను. 2021 జనవరిలో, ఏకగ్రీవమైన పంచాయతీలకు జనసంఖ్య 2,000 లోపైన 5 లక్షల రూపాయలు, 10,000 దాటిన 20 లక్షలు. ఓటు వేయకుండుటకు పారితోషికము! కక్షలు తగ్గునని కొందఱు పెద్దలు సమర్థింతురు. ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుకొనుట యిదియే.

మఱి రాజ్యాంగ మేమి చేసినది? 2020 ఏప్రిల్‌లో ఆర్డినెన్సు ద్వారా రాష్ట్ర యెన్నికల కమీషనరు పదవీకాలమును ఐదేండ్లనుండి మూడేండ్లకు కుదించి ఆయనను తొలగింపగా, మే 29న హైకోర్టు దానిని కొట్టివేసెను. శాసనము కమీషనరు కుర్చీని కాపాడెను. నామినేషను పత్రము చేతబట్టిన సామాన్యుని కాపాడలేకపోయెను.

ఇది యొక్క పక్షపు దోషమని తృప్తిపడరాదు. 2021లో పులివెందుల పురపాలకమును ఏకగ్రీవముగా గెలిచిన పక్షమే, 2025 ఆగస్టులో అచటి జడ్.పి.టి.సి. ఉపయెన్నికలో తమ ఓటర్లను అడ్డగించిరని మొఱపెట్టెను. పీఠములు మారినవి, మొఱ మారలేదు.

కావున, ఈ పారితోషికములను రద్దు చేయవలెను. అభ్యర్థి యొక్కడే యైనను ఓటింగు జరుగవలెను. 2013లో సుప్రీంకోర్టు ప్రసాదించిన నోటా హక్కు, ఓటింగే లేనిచోట వట్టి మాట. నోటాకు మించిన ఓట్లు పొందినవాడే గెలిచినవా డని శాసింపుడు. నిజమైన ఏకగ్రీవమునకు దానివలన భయమేల?

అయినను శాసన మొక్కటియే చాలదు. రాజ్యాంగనీతి పుట్టుకతో వచ్చునది కాదనియు, అభ్యాసముచే పెంపొందవలసినదనియు అంబేద్కరుగారు 1948లోనే హెచ్చరించిరి. పుల్లరి చెల్లింపమని నిలిచి 1922లో తుపాకి గుండ్లకు గుఱియైన కన్నెగంటి హనుమంతు పుట్టిన సీమ యిది. తెల్లదొరకు కాదనిన నేల, పొరుగువానికి కాదనలేకున్నది!

చదువరులారా, ఇతరుల పిఱికితనమును నిందించుటకు ముందు మనలను మనము ప్రశ్నించుకొందము. రేపు మన వార్డులో నొక నిరుపేద పోటీచేయ దలచి, ప్రతిపాదకుని సంతకముకొఱకు మన తలుపు తట్టిన, మనము కలము తీయుదుమా, గడియ వేయుదుమా?